రీసెట్ కొట్టాక లేవని ఆఫీసు డెస్క్ ఫోన్‌ని మళ్లీ లేపడం: నా అనుభవం

సిస్కో 7941, 7961 మోడల్ డెస్క్ ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేశాక తెర ఖాళీగా ఉండిపోయి, కింద బటన్ల లైట్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతూ ఉంటే ఆ ఫోన్ చచ్చిపోయిందని పక్కన పడేయకండి. దాదాపు ప్రతిసారీ దాని బోర్డు బాగానే ఉంటుంది. లోపల ఫర్మ్‌వేర్, అంటే ఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, చెరిగిపోయింది, అంతే. బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ మిగిలి ఉండి, నెట్‌వర్క్‌లో ఒక ఫలానా పేరున్న ఫైల్ కోసం అడుగుతూనే ఉంటుంది. ఆ ఫైల్ ఇచ్చేవాళ్లు లేక అలా తిరుగుతూ ఉంటుంది. తెర ఏమీ చెప్పకపోయినా, అది ఏం అడుగుతోందో నెట్‌వర్క్ వైపు నుంచి చూస్తే అక్షరం అక్షరం కనబడుతుంది. కాబట్టి ఫోన్ ముందు కూర్చుని బటన్లు నొక్కడం ఆపి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని లాగ్ చదవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

బెంగళూరులో ఈ సమస్య తరచూ ఎదురవుతుంది. పెద్ద కంపెనీలు మార్చేసిన పాత ఐపీ ఫోన్లు ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌కి దొరుకుతాయి. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ లాంటి చోట్ల చిన్న ఆఫీసులు వాటిని తెచ్చుకుని ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిపే సొంత ఎక్స్‌ఛేంజికి కలుపుకుంటాయి. పాత కంపెనీ సెట్టింగులు, ట్రస్ట్ లిస్టు (ఫోన్ నమ్మే సర్వర్ల జాబితా) అందులోనే ఉంటాయి కనుక కొత్త కాన్ఫిగరేషన్ ఎక్కదు. అప్పుడు ఎవరో ఒకరు నెట్‌లో చూసి రీసెట్ కొడతారు. ఆ తర్వాత వచ్చే కాల్ ఎప్పుడూ ఒకటే: "అన్నా, రీసెట్ కొట్టా, ఇక లేవట్లేదు."

రీసెట్ లోపల ఏం జరుగుతుందో ముందు తెలియాలి. పవర్ ఇస్తూ హ్యాష్ బటన్ (#) నొక్కి పట్టుకుంటే లైన్ బటన్లు వరసగా ఆరెంజ్ రంగులో వెలుగుతాయి. అప్పుడు హ్యాష్ వదిలి 60 సెకన్ల లోపు 123456789*0# కొట్టాలి. ఒకే బటన్ రెండుసార్లు పడినా పర్వాలేదు, వరస తప్పితే మాత్రం రీసెట్ జరగదు. సరిగ్గా పడితే లైన్ బటన్లు ఎర్రగా మినుకుతాయి. ఈ పద్ధతిలో సెట్టింగులతో పాటు ఫర్మ్‌వేర్ కూడా పోతుంది. దాన్ని టీఎఫ్‌టీపీ సర్వర్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు అందించే ప్రోగ్రామ్) నుంచి మళ్లీ దించుకునేలా ఫోన్‌ని తయారు చేశారు. అందుకే రీసెట్‌కి ముందే మూడు సిద్ధంగా ఉండాలి: ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ, అందులో టీఎఫ్‌టీపీ సర్వర్ అడ్రస్ చెప్పే 150 లేదా 66 నంబరు ఆప్షన్, ఆ సర్వర్‌లో మోడల్‌కి తగిన డిఫాల్ట్ లోడ్స్ ఫైలు, అది పేర్కొన్న మిగతా ఫైళ్లు. ఇవి లేకుండా కొడితే ఫోన్ చేతికి రాదు.

ఇంకా రీసెట్ కొట్టనివాళ్లకు ఒక మాట. పాత ట్రస్ట్ లిస్టు తీసేయడానికో, పాత ఐపీ సెట్టింగులు పోగొట్టడానికో ఇంత దూరం వెళ్లాల్సిన పని లేదు. సెట్టింగ్స్ మెనూలోకి వెళ్లి **# కొడితే తాళం తెరుచుకుంటుంది. సెక్యూరిటీ మెనూలో ట్రస్ట్ లిస్టుని చెరిపేయవచ్చు, నెట్‌వర్క్ మెనూలో కాన్ఫిగరేషన్ చెరిపేయవచ్చు. ఫర్మ్‌వేర్ అలాగే ఉంటుంది. సెట్టింగ్స్ మెనూలోనే **#** కొడితే ఫోన్ రీస్టార్ట్ అవుతుంది. నూటికి తొంభై అవసరాలు దీంతో తీరతాయని నా అభిప్రాయం.

ఇక రీసెట్ కొట్టేశాం, లేవట్లేదు అన్నచోట మొదలుపెడదాం.

కరెంటు సంగతి ముందు

ఒక్క లైటు కూడా వెలగకపోతే ఫర్మ్‌వేర్ గురించి ఆలోచించకూడదు, అది కరెంటు సమస్య. మొదట ఫోన్ వెనక ఏ సాకెట్‌లో కేబుల్ ఉందో చూడండి. రెండు నెట్‌వర్క్ సాకెట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి స్విచ్ నుంచి వచ్చే కేబుల్‌కి, రెండోది పక్కనున్న కంప్యూటర్‌కి ఇచ్చే కేబుల్‌కి. కేబుల్ ద్వారా వచ్చే కరెంటు, అంటే పీఓఈ, మొదటి దాంట్లోనే పనిచేస్తుంది. బల్ల జరిపినప్పుడో, ఊడ్చేవాళ్లు తీసి పెట్టినప్పుడో కేబుల్ రెండో సాకెట్‌లోకి మారిందంటే ఫోన్ పూర్తిగా చచ్చినట్టే కనిపిస్తుంది. బొమ్మలు చిన్నగా ఉంటాయి, మొబైల్ టార్చి వేసి చూడాల్సిందే.

అడాప్టర్‌తో నడుపుతుంటే ఈ సిస్కో ఫోన్లకు 48 వోల్టుల డీసీ కావాలి. వాటితో వచ్చే అడాప్టర్ మీద 48 వోల్టులు, 0.38 యాంపియర్లు అని రాసి ఉంటుంది. ఆఫీసు డ్రాయర్లో ఉండే అడాప్టర్లలో వైఫై రౌటర్‌ది 12 వోల్టులది, వేరే కంపెనీ ఫోన్‌ది 5 వోల్టులది కలిసిపోయి ఉంటాయి. 12 వోల్టులది పెడితే ఫోన్ లేవదు, నష్టం లేదు. కానీ ఈ 48 వోల్టుల అడాప్టర్‌ని 5 వోల్టుల ఫోన్‌కి పెడితే ఆ ఫోన్ నిజంగానే కాలిపోతుంది. పిన్ను పట్టింది కదా అని పెట్టేయకుండా, ప్రతి అడాప్టర్‌కీ తెల్ల టేపు చుట్టి వోల్టులు పెద్దగా రాసిపెట్టడం నేను చేసే మొదటి పని.

పీఓఈ అయితే చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. 7941, 7961 ఫోన్లు 802.3ఏఎఫ్ అనే ప్రమాణాన్ని పాటిస్తాయి. అది 2003లో వచ్చింది. స్విచ్ పోర్టు దగ్గర 15.4 వాట్లు, ఫోన్ దగ్గరికి చేరేది 12.95 వాట్లు. ఈ పద్ధతిలో స్విచ్ ముందు చిన్న వోల్టేజితో అవతల ఉన్నది పీఓఈ పరికరమో కాదో పరీక్షిస్తుంది. దాదాపు 25 కిలో ఓమ్‌ల నిరోధం కనిపిస్తేనే అసలు కరెంటు వదులుతుంది. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే 7940, 7960 ఫోన్లు మాత్రం ఈ ప్రమాణానికి ముందు సిస్కో వాడిన సొంత పద్ధతినే అర్థం చేసుకుంటాయి. మామూలు ఏఎఫ్ స్విచ్‌కి పెడితే వాటికి కరెంటు రాదు, అడాప్టర్ ఉండాల్సిందే. ఎస్పీ రోడ్డులో కొనేటప్పుడు చివరి అంకె చదవకుండా డబ్బులిస్తే ఇక్కడే దొరికిపోతారు. 7960 వేరు, 7961 వేరు.

సీసీ కెమెరాలకు, బయట గోడమీద పెట్టే వైఫై పరికరాలకు అమ్మే చిన్న ఇంజెక్టర్లలో చాలావరకు 24 వోల్టుల పాసివ్ రకం. ఈ ఫోన్లకు అవి పనికిరావు. డబ్బా మీద 802.3ఏఎఫ్ అని, 48 వోల్టులని రెండూ ఉన్నదే తీసుకోవాలి. ఇంజెక్టర్లు ఎక్కువగా కేబుల్‌లోని 4, 5, 7, 8 తీగల మీద కరెంటు పంపుతాయి. పాత ఆఫీసుల్లో ఒకే కేబుల్‌ని రెండుగా చీల్చి, నాలుగు తీగలు ఫోన్‌కి, నాలుగు కంప్యూటర్‌కి వాడుకున్న వైరింగ్ ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటి పాయింట్‌లో నెట్ వస్తుంది, ఇంజెక్టర్ కరెంటు మాత్రం రాదు. ఎనిమిది తీగలూ చివరిదాకా ఉన్నాయో లేదో చిన్న కేబుల్ టెస్టర్‌తో చూస్తే తేలిపోతుంది.

ఒక ఫోన్ లేచి పక్కది లేవకపోతే స్విచ్ మొత్తం వాట్లు లెక్క వేయండి. 8 పోర్టుల స్విచ్‌కి మొత్తం బడ్జెట్ 65 వాట్లే ఉండవచ్చు. 7961 గిగాబిట్ రకం ఫోన్లు క్లాస్ 3 కింద వస్తాయి, క్లాసు చూసి కేటాయించే స్విచ్ ఒక్కోదానికి 15.4 వాట్లు పక్కన పెడుతుంది. నాలుగు ఫోన్లకే 61.6 అయిపోయింది, ఐదోదానికి పోర్టు ఉన్నా కరెంటు ఉండదు. గిగాబిట్ కాని మామూలు 7961 క్లాస్ 2, దానికి 7 వాట్లు చాలు.

విడిగా ఒక బల్ల

లైట్లు తిరుగుతున్నాయి అంటే కరెంటు సమస్య లేదు. ఇప్పుడు ఆఫీసు నెట్‌వర్క్ నుంచి ఫోన్‌ని తీసేసి, ఒక చిన్న పీఓఈ స్విచ్, ఒక ల్యాప్‌టాప్, ఆ ఫోన్ మాత్రమే ఉండేలా విడిగా పెట్టుకోవాలి. ఆఫీసు నెట్‌వర్క్‌లోనే బాగుచేయాలని చూస్తే వాయిస్ వీల్యాన్ (ఫోన్లకు విడిగా కేటాయించిన నెట్‌వర్క్ భాగం), పోర్టు సెక్యూరిటీ, రెండో డీహెచ్‌సీపీ, అన్నీ ఒకేసారి అడ్డం వస్తాయి. దేనివల్ల ఆగిందో తేల్చలేం. ఆ స్విచ్‌ని యూపీఎస్ మీద పెట్టండి. ఫర్మ్‌వేర్ ఫోన్ మెమరీలోకి రాసుకుంటున్న సమయంలో కరెంటు పోతే మళ్లీ మొదటికి వస్తుంది. ఎండాకాలం సాయంత్రం వాన మొదలవగానే కరెంటు పోయే ఏరియాల్లో ఉన్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆ చిన్న స్విచ్ కెమెరాల కోసం తయారైనది అయితే దాని ముందో పక్కనో ఒక చిన్న జారుడు మీట ఉంటుంది. వీల్యాన్ అనో, ఐసొలేషన్ అనో, ఎక్స్‌టెండ్ అనో రాసి ఉంటుంది. వీల్యాన్ లేదా ఐసొలేషన్ వైపు పెట్టి ఉంటే పీఓఈ పోర్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, అప్‌లింక్ పోర్టుతో మాత్రమే మాట్లాడతాయి. ఫోన్ ఒకటో పోర్టులో, ల్యాప్‌టాప్ రెండో పోర్టులో ఉంటే రెండింటికీ లింక్ లైటు వెలుగుతుంది గానీ ఒక్క ప్యాకెట్ కూడా దాటదు. మీటని మామూలు వైపు జరపండి, లేదా ల్యాప్‌టాప్‌ని అప్‌లింక్‌కి మార్చండి. ఎక్స్‌టెండ్ వైపు ఉంటే పోర్టు వేగం 10 ఎంబీకి పడిపోతుంది, అది కూడా మనకు అక్కర్లేదు.

మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) తప్ప వేరేది లేకపోతే ఫోన్ పెట్టే పోర్టుకి స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా చూసే ఏర్పాటు) ఆలస్యం తీసేయాలి. పాత పద్ధతి స్పానింగ్ ట్రీలో పోర్టు 15 సెకన్లు వినడానికి, 15 సెకన్లు నేర్చుకోవడానికి తీసుకుంటుంది. ఆ అర నిమిషం ఫోన్ పంపే డీహెచ్‌సీపీ అభ్యర్థనలు గాలికి పోతాయి. ఆ పోర్టుకి పోర్ట్‌ఫాస్ట్ అనే సెట్టింగు పెడితే సరిపోతుంది.

ల్యాప్‌టాప్‌కి కేబుల్ వైపు స్థిరమైన ఐపీ ఇవ్వండి. నేను 192.168.50.1 వాడతాను, మాస్క్ 255.255.255.0. విండోస్ అయితే టీఎఫ్‌టీపీడీ64 అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండూ ఉంటాయి. లినక్స్ అయితే డీఎన్ఎస్‌మాస్క్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. ఫోన్లకు ఇచ్చే ఐపీలు 192.168.50.10 నుంచి మొదలుపెట్టి, 150వ ఆప్షన్‌లో 192.168.50.1 రాయాలి. 150 అనేది ఐపీ అడ్రస్ రూపంలో, 66 అనేది మామూలు అక్షరాల రూపంలో వెళ్తాయి. రెండూ ఇచ్చినా తప్పు లేదు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. డీహెచ్‌సీపీ సర్వర్‌ని ఆ కేబుల్ ఇంటర్‌ఫేస్‌కే పరిమితం చేయండి. ల్యాప్‌టాప్ అదే సమయంలో ఆఫీసు వైఫైలో ఉండి, ప్రోగ్రామ్ అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా వింటుంటే, ఆఫీసులో వాళ్ల కంప్యూటర్లకు మీ 192.168.50 అడ్రస్‌లు వెళ్లిపోతాయి. ఫ్లోర్ మొత్తానికి నెట్ పోతుంది. వైఫై ఆపేసి పని చేయడం అన్నిటికంటే సురక్షితం.

ఫైళ్లు

7961కి టర్మ్61.డిఫాల్ట్.లోడ్స్, 7941కి టర్మ్41.డిఫాల్ట్.లోడ్స్, 7962కి టర్మ్62, 7965కి టర్మ్65. చెరిగిపోయిన ఫోన్ మొదట అడిగే పేరు ఇదే. 7941, 7961 రెండింటికీ ఫర్మ్‌వేర్ ఒకే జిప్‌లో వస్తుంది. అందులో లోడ్స్ ఫైళ్లు పోగా జార్41, సీఎన్‌యూ41, యాప్స్41, డీఎస్‌పీ41, సీవీఎం41 అనే పేర్లతో మొదలై ఎస్‌బీఎన్ అని ముగిసే ఐదు ఫైళ్లుంటాయి. 7961 ఫోన్‌కి కూడా ఇవే, 41 అని ఉంది కదా అని వేరే ఫైళ్ల కోసం వెతకొద్దు. సిస్కో ఇదే ఫర్మ్‌వేర్‌ని రెండు రూపాల్లో ఇచ్చింది. కాప్ డాట్ ఎస్‌జీఎన్ అని ముగిసేది వాళ్ల కాల్ మేనేజర్ సర్వర్‌లోకి ఎక్కించడానికి, మనలాంటి మామూలు టీఎఫ్‌టీపీకి కాదు. జిప్ రూపంలో ఉన్నది దించుకుని, విప్పి, ఫైళ్లన్నిటినీ టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో నేరుగా పెట్టాలి. జిప్ పేరుతో ఒక ఫోల్డర్ ఏర్పడి అవన్నీ దాని లోపల ఉండిపోతే ఫోన్‌కి దొరకవు.

ఫోన్ ఎక్స్‌ఛేంజితో మాట్లాడే పద్ధతిని బట్టి ఎస్‌ఐపీ, ఎస్‌సీసీపీ అని రెండు రకాల ఫర్మ్‌వేర్లు ఉన్నాయి. ఆస్టరిస్క్ లాంటి వాటికి మామూలుగా ఎస్‌ఐపీదే తీసుకుంటారు. రెండిటి ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లో కలపొద్దు. రెండిట్లోనూ టర్మ్61.డిఫాల్ట్.లోడ్స్ ఉంటుంది, చివరికి కాపీ చేసినదే నిలుస్తుంది.

లోడ్స్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏయే ఫైళ్లు కావాలో పేర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఫోల్డర్‌లో అదే పేరుతో ఉందో లేదో చూసుకోండి. చూసి మూసేయండి, సేవ్ మాత్రం చేయొద్దు. అది డిజిటల్ సంతకంతో వచ్చిన ఫైలు, ఒక్క ఖాళీ మారినా ఫోన్ తిరస్కరిస్తుంది. లినక్స్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా వేరే ఫైలే, పేరు ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఫైళ్లు అందరూ చదవగలిగే అనుమతితో, అంటే 644తో ఉండాలి. విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లు దాచిపెట్టి ఉంటే చివర టీఎక్స్‌టీ చేరినా కంటికి కనబడదు. ఫోల్డర్ సెట్టింగులలో ముందు దాన్ని బయటకు కనిపించేలా చేసుకోవాలి.

లాగ్ చదవడం

ఇప్పుడు వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపించే ప్రోగ్రామ్) తెరిచి ఆ కేబుల్ ఇంటర్‌ఫేస్ మీద పెట్టి, డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ మాత్రమే కనిపించేలా ఫిల్టర్ వేసి, ఫోన్‌కి కరెంటు ఇవ్వండి. ఫోన్ వెనక స్టిక్కర్ మీదున్న మ్యాక్ అడ్రస్‌ని ముందే రాసి పెట్టుకుంటే వరసల్లో ఏది మనదో తెలుస్తుంది. ఎక్కడ ఆగిందో ఇలా తేలుతుంది.

డిస్కవర్ అనే ప్యాకెట్ (ఐపీ కోసం ఫోన్ పంపే మొదటి పిలుపు) అసలు రాకపోతే మధ్యలో ఉన్న స్విచ్ దాన్ని ఆపుతోంది: ఇందాక చెప్పిన జారుడు మీట, స్పానింగ్ ట్రీ, లేదా ఆ పోర్టు వేరే వీల్యాన్‌లో ఉండడం. డిస్కవర్ మళ్లీ మళ్లీ వచ్చి ఆఫర్ (దానికి సర్వర్ ఇచ్చే జవాబు) వెళ్లకపోతే మన డీహెచ్‌సీపీ ప్రోగ్రామ్ నడవట్లేదు, లేదా వేరే ఇంటర్‌ఫేస్ మీద వింటోంది, లేదా ఫైర్‌వాల్ ఆపింది. ఆఫర్ వేరే ఐపీ నుంచి వచ్చిందంటే ఇంకో డీహెచ్‌సీపీ బతికే ఉంది. చాలాసార్లు అది ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటరే, దాని సెట్టింగులలో 150వ ఆప్షన్ పెట్టే చోటే ఉండదు.

ఐపీ తీసుకోవడం పూర్తయింది, అంటే ఆక్ కూడా వెళ్లింది, కానీ ఆ తర్వాత టీఎఫ్‌టీపీ అభ్యర్థన రాలేదు అంటే 150వ ఆప్షన్ వెళ్లలేదు. ఆక్ ప్యాకెట్‌ని తెరిచి లోపలి ఆప్షన్ల జాబితాలో 150 ఉందో లేదో, పక్కన నాలుగు బైట్లలో మన ఐపీ ఉందో లేదో చూడండి. టీఎఫ్‌టీపీడీ64లో ఆప్షన్ నంబరు రాసి విలువ గడి ఖాళీగా వదిలేస్తే ఇదే జరుగుతుంది.

రీడ్ రిక్వెస్ట్ వచ్చింది, జవాబు ఏమీ వెళ్లలేదు అంటే తొంభై శాతం ఫైర్‌వాల్. టీఎఫ్‌టీపీ అభ్యర్థన యూడీపీ 69 పోర్టుకి వస్తుంది, కానీ జవాబు సర్వర్ వైపు వేరే పెద్ద నంబరు పోర్టు నుంచి మొదలై మిగతా మాటలన్నీ దాని మీదే నడుస్తాయి. 69 ఒక్కదాన్నే తెరిచి చాలనుకుంటే పని జరగదు, ప్రోగ్రామ్‌కే అనుమతి ఇవ్వాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, గేట్‌వే లేని ఈ చిన్న నెట్‌వర్క్‌ని విండోస్ గుర్తుతెలియనిదిగా లెక్కేసి పబ్లిక్ కింద పెడుతుంది. మొదట అనుమతి అడిగినప్పుడు ప్రైవేట్ ఒక్కటే టిక్ చేసి ఉంటే ఇక్కడ అది చెల్లదు.

ఫైల్ నాట్ ఫౌండ్ అని వెళ్తే అంతకంటే మంచిది లేదు. పక్కనే ఫోన్ అడిగిన పేరు ఉంటుంది, ఆ పేరుని కాపీ చేసి ఫోల్డర్‌లో వెతకడమే. పేరు ఒకేలా కనిపించినా దొరకకపోతే సర్వర్ చూస్తున్న ఫోల్డర్, మనం ఫైళ్లు పెట్టిన ఫోల్డర్ ఒకటేనా అని చూడాలి.

లోడ్స్ ఫైలు వెళ్లింది, తర్వాత ఒక ఎస్‌బీఎన్ మొదలైంది, సగంలో ఆగి ఫోన్ మళ్లీ మొదటి నుంచి లేస్తోంది అంటే మూడు కారణాలు చూస్తాను. జిప్ సగమే దిగి ఫైలు చెడిపోవడం, కేబుల్‌లో లోపం, లేదా తెర వెలిగి మెమరీలో రాయడం మొదలవగానే కరెంటు చాలకపోవడం. కేబుల్ మార్చి, జిప్‌ని మళ్లీ దించి, 48 వోల్టుల అడాప్టర్‌తో ఒకసారి ప్రయత్నిస్తే ఏదో తేలిపోతుంది.

అంతా సరిగ్గా ఉంటే లాగ్‌లో టర్మ్61 తర్వాత ఐదు ఎస్‌బీఎన్ ఫైళ్లూ ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి, ఫోన్ తెర మీద అప్‌గ్రేడింగ్ అని పడి, ఏ ఫైలు దిగుతోందో కనిపిస్తుంది. ఈ దశలో చేతులు కట్టుకుని కూర్చోవాలి. చివరి ఫైలు వెళ్లాక లాగ్ నిశ్శబ్దంగా ఉన్నా ఫోన్ లోపల రాసుకుంటూనే ఉంటుంది. మెయిన్ స్క్రీన్ వచ్చేదాకా కేబుల్ ముట్టుకోకూడదు.

ఫైళ్లు దొరికినా ఒప్పుకోకపోతే

ఇది రీసెట్ చేసిన ఫోన్లలో కంటే, ఫర్మ్‌వేర్ ఉండగానే కొత్తది ఎక్కించేటప్పుడు ఎక్కువ ఎదురవుతుంది. ఫైలు పూర్తిగా దిగాక తెర మీద ఆథ్ ఫెయిల్ అని వస్తుంది. చాలా పాత ఫర్మ్‌వేర్ ఉన్న ఫోన్ నేరుగా 9 సిరీస్‌కి పోలేదు. 8.3(3) కంటే పాతది ఉంటే ముందు 8.5(2) ఎక్కించి, అది లేచాక 9 సిరీస్ ఎక్కించాలి. టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో ఒక సమయంలో ఒక వెర్షన్ ఫైళ్లే ఉంచండి. రెండు వెర్షన్లకు రెండు ఫోల్డర్లు చేసుకుని, సర్వర్ చూసే ఫోల్డర్‌ని మార్చడం సులువు. ఎవరో మార్చి పెట్టిన ఫైళ్లు ఎక్కడెక్కడో దొరుకుతుంటాయి, సంతకం సరిపోకపోతే ఫోన్ వాటినీ ఇలాగే తిప్పికొడుతుంది.

లేచాక

ఫోన్ లేచి అన్‌ప్రొవిజన్డ్ అనో, రిజిస్టరింగ్ అనో చూపిస్తే ఫర్మ్‌వేర్ పని అయిపోయింది. చాలామంది ఇక్కడ కూడా రీసెట్ ఫలించలేదనుకుని మళ్లీ అదే బటన్లు కొడతారు. దయచేసి కొట్టకండి, ఎక్కించిందంతా పోతుంది. ఇప్పుడు దానికి కావాల్సింది కాన్ఫిగరేషన్ ఫైలు మాత్రమే. లాగ్‌లో మొదట సీటీఎల్, ఐటీఎల్ అని మొదలయ్యే ఫైళ్లను అడిగి దొరకలేదని చూపిస్తుంది. సొంత ఎక్స్‌ఛేంజి వాడేవాళ్లకు అది మామూలే, పట్టించుకోనక్కర్లేదు. ఆ తర్వాత ఎస్‌ఈపీ అనే మూడు పెద్దక్షరాలు, వెంటనే ఫోన్ మ్యాక్‌లోని 12 అక్షరాలు, ఆ తర్వాత సీఎన్‌ఎఫ్.ఎక్స్‌ఎంఎల్ అని ఉన్న ఫైలు అడుగుతుంది. మ్యాక్‌లో అక్షరాలు పెద్దవిగా ఉండాలి, మధ్యలో కోలన్లు ఉండకూడదు. లాగ్‌లో ఫోన్ అడిగిన పేరునే కాపీ చేసి ఫైలుకి పెట్టుకుంటే టైపు చేసే బాధ లేదు.

ఆ ఫైలులో ఒక్క ట్యాగ్ మూయకపోయినా ఫోన్ మొత్తాన్ని వదిలేస్తుంది. ముందు బ్రౌజర్‌లో తెరిచి చూడండి, తప్పు ఉంటే ఏ వరసలో ఉందో బ్రౌజరే చెబుతుంది. అందులో లోడ్ ఇన్ఫర్మేషన్ అనే గడి ఉంటుంది. అక్కడ ఫర్మ్‌వేర్ పేరుని చివర డాట్ లోడ్స్ లేకుండా రాయాలి. ఎవరి దగ్గరనుంచో తెచ్చిన నమూనా ఫైలులో వేరే వెర్షన్ రాసి ఉంటే, మన సర్వర్‌లో లేని దాని కోసం ఫోన్ వెతుకుతుంది.

బల్ల మీద పని చేసిన ఫోన్‌ని ఆఫీసు పాయింట్‌కి పెట్టగానే మళ్లీ సర్వర్ దొరకలేదంటే ఆశ్చర్యపోవద్దు, ఆఫీసు డీహెచ్‌సీపీలో 150 లేదు. అక్కడ పెట్టించలేకపోతే ఫోన్ నెట్‌వర్క్ మెనూలో **# తో తాళం తీసి, ఆల్టర్నేట్ టీఎఫ్‌టీపీ అన్నదాన్ని యెస్ చేసి, సర్వర్ ఐపీ రాసి సేవ్ చేయాలి.

వేరే కంపెనీల ఫోన్ల గురించి క్లుప్తంగా. యీలింక్ టీ20 సిరీస్‌లో స్పీకర్ బటన్ నొక్కిపట్టి కరెంటు ఇస్తే రికవరీ మోడ్‌లోకి వెళ్లి, ఫోన్ ఐపీ, టీఎఫ్‌టీపీ సర్వర్ ఐపీ తెర మీదే అడుగుతుంది. ఇక్కడ డీహెచ్‌సీపీ అక్కర్లేదు, మిగతా ఫైర్‌వాల్, ఫోల్డర్ చిక్కులన్నీ అవే. అవాయా 96 సిరీస్ ఫోన్ రీసెట్ తర్వాత డిస్కవర్ అని చూపిస్తూ ఆగితే ఫర్మ్‌వేర్ బాగానే ఉంది, కాల్ సర్వర్ అడ్రస్ దొరకలేదు. దానికి ఈ తంతు ఏదీ అవసరం లేదు.

నిజంగా పోయిన ఫోన్ ఎలా ఉంటుంది? వేరే ఫోన్‌ని నడిపిస్తున్న 48 వోల్టుల అడాప్టర్, వేరే ఫోన్ లేచిన పీఓఈ పోర్టు, రెండూ పెట్టినా ఒక్క లైటూ వెలగకపోతే పవర్ భాగం పోయినట్టే. ఎస్‌బీఎన్ ఫైళ్లన్నీ పూర్తిగా దిగినట్టు లాగ్‌లో ఉండి, మంచి కేబుల్‌తో, మంచి అడాప్టర్‌తో కూడా ప్రతిసారీ మళ్లీ టర్మ్61 దగ్గరికే వస్తుంటే లోపలి ఫ్లాష్ మెమరీ రాతని పట్టుకోవట్లేదు. సెకండ్‌హ్యాండ్ ఫోన్ ధరకి ఆ చిప్ మార్పించడం గిట్టుబాటు కాదు. హ్యాండ్‌సెట్, దాని చుట్టల వైరు, వెనక స్టాండు తీసి పెట్టుకోండి. 7941, 7961 రెండింటికీ అవే సరిపోతాయి, ముందుగా అరిగేవీ అవే. మిగిలిన బోర్డుని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయొచ్చు.